నిండుగా తిరిగొచ్చిన సీసా

...అది భయమే అయితే దానికి ఏదో ఒక ముఖం ఉండాలి కదా, అనుకున్నాడు శ్రీరామ్మూర్తి క్రేను నిచ్చెన ఎక్కుతూ. ఎత్తంటే భయం లేదు. కింద ఎర్రగా కాలే ఇనప దిమ్మెలంటే లేదు. ఏళ్ల తరబడి ఈ క్యాబిన్‌లోనే కూర్చున్నాడు. మరి ఎండలు ముదిరినప్పటి నుంచీ, మధ్యాహ్నమయ్యేసరికి ఎవరో తరుముతున్నట్టు గుండె కొట్టుకోవడమేమిటి? లివరు మీద చేయి వణకడమేమిటి? తనలో ఎప్పటినుంచో నక్కి ఉన్న పిరికివాడు బయటికొస్తున్నాడనే నిన్నటిదాకా అనుకున్నాడు. ఈ రోజు షిఫ్టు కాగానే ఫోర్‌మన్‌కి చెప్పేయాలి: నాకు క్రేను చేతకాదు, కింద ఏదైనా పని ఇప్పించండి.

నిన్న బరువు గాల్లో ఉండగానే చేయి బిగుసుకుపోయింది. ఎలాగో దాన్ని దించి, నిచ్చెన దిగి, గోడకి చేరగిలబడ్డాడు. కింద నిలబడి చేతి సైగలతో క్రేను నడిపించే తవిటయ్య, క్యాంటీన్ మజ్జిగ తెచ్చి నోటికందించాడు.

"ఏటి బావా, దెయ్యాన్ని సూసినట్టున్నావ్? తాగు ముందు."

రెండో గ్లాసు అయ్యాక కాసేపటికి వణుకు తగ్గింది. గుండె కుదుటపడింది. అసలు సిగ్గు అప్పుడు మొదలైంది.

పైన మరుగుదొడ్డి లేదు. ఆపరేటరు దిగితే కింద అందరి పనీ ఆగుతుంది. వేసవి మొదట్లో ఒకసారి, ఒకే షిఫ్టులో రెండోమారు దిగినప్పుడు, ఇదే తవిటయ్య అందరూ వినేలా అన్నాడు: "మల్లీ దిగీసినావా బావా? రేపట్నుంచి సంటోడికి కట్టినట్టు గుడ్డ కట్టించుకుని రా!"

అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. మర్నాటి నుంచి, లేచింది మొదలు షిఫ్టయ్యేదాకా నీళ్లు ముట్టడం మానేశాడు. తవిటయ్యకి ఆ మాట గుర్తు కూడా ఉండదు.

నిన్న సాయంత్రం కూర్మన్నపాలెంలో ఇంటికి చేరగానే, భార్య పుష్ప సీసా అందుకుని నవ్వింది. "ఇయ్యాల కూడా నిండుగానే వొచ్చిందేటి? నీ నీళ్లు తాగి కరేపాకు మొక్క ఎలాగెదిగిందో సూడు."

ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఒక నవ్వుకి జడిసి నీళ్లు మానేశాడు. నీళ్లు లేక వచ్చిన వణుక్కి పిరికితనమని పేరు పెట్టుకున్నాడు. ఇది బయటికి చెప్పడం కన్నా, పిరికివాడినని ఒప్పుకుని క్రేను వదిలేయడమే ఇప్పటికీ సులువుగా కనిపిస్తోంది.

ఇవాళ క్యాబిన్‌లో కూర్చుని సీసా మూత తిప్పాడు. దొంగచాటుగా ఒక గుక్క. కాసేపాగి ఇంకొకటి. పని నడుస్తూనే ఉంది, సీసా ఖాళీ అయింది. ఎండ నెత్తికెక్కింది. పొత్తికడుపు బరువెక్కింది గానీ లివరు మీద చేయి నిలకడగానే ఉంది. కింద లేవబోయే నవ్వు తలుచుకుని చెవులు మాత్రం అప్పుడే వేడెక్కాయి.

మోస్తున్న దిమ్మెను నేలకి ఆన్చి, సైరన్ నొక్కాడు. కింద తలలన్నీ పైకి లేచాయి. ఏమిటన్నట్టు తవిటయ్య చేయి తిప్పాడు. ఇన్నేళ్లుగా వాళ్లిద్దరూ మాట్లాడుకునే సైగల్లో దీనికి సైగ లేదు.

శ్రీరామ్మూర్తి కిటికీలోంచి చేయి బయటికి చాచి, బళ్లో పిల్లాడిలా, చిటికెన వేలు ఎత్తాడు.