నూట ఇరవై అక్క

చొక్కా ఎడమ చెయ్యి మోచేతి పైకి మడిచి, బీపీ పట్టీ తనే చుట్టుకుని, చెయ్యి బల్ల మీద చాపింది నూట ఇరవై అక్క. ఆరోగ్యశాస్త్ర విభాగంలో ఆమె పరిశోధన మొదలై ఆరేళ్ళయింది. అది ఎప్పటికి తెములుతుందో దేవుడికే తెలియాలి. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు బీపీ చూడటం నేర్పే పని మాత్రం ఏటా ఆమె నెత్తినే పడుతుంది. పైకి విసుక్కుంటుంది గానీ, ఆ పని లేకపోతే ఆమెకు పొద్దు గడవదు.

ఆ పేరు పిల్లలు పెట్టిందే. కొత్తవాళ్ళు విన్నది తప్పో ఒప్పో తేలాలంటే అంకె ముందే తెలిసిన చెయ్యి కావాలి కదా! అందుకని తన చెయ్యే ఇస్తుంది. గాలి వదులుతుంటే నాడి చప్పుడు మొదలయ్యే పై అంకె నూట ఇరవై, ఆగిపోయే కింది అంకె ఎనభై. ఆరేళ్ళ కిందట ఇక్కడ చేరినప్పుడు డాక్టరు చూసి చెప్పిన అంకె అది. పిల్లలకు ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, బుద్ధిమంతుల్లా కళ్ళు మూసుకుని, నూట ఇరవై అని రాసేసి క్యాంటీనుకు పరిగెత్తుతారు.

ఒక్క పిల్లతోనే వచ్చింది చిక్కు. ఊదితే ఎగిరిపోయేటట్టుండే ఆ అమ్మాయి తన రికార్డు పుస్తకంలో నూట యాభై ఎనిమిది అని రాసింది. మరుసటి వారం నూట అరవై. ఆ పై వారం మళ్ళీ నూట యాభై ఎనిమిది. మూడుసార్లూ అక్క ఎర్రసిరాతో కొట్టేసింది.

"చప్పుడు అక్కడే మొదలైందక్కా," అని గొణిగేది పిల్ల.

"నీకు వినపడింది కాదమ్మా, ఉన్నది రాయాలి."

ఇవాళ ఆఖరి అవకాశం. ఇదీ తప్పితే కోర్సులో ఉండనివ్వరు. పిల్ల గాలి కొట్టి, మెల్లగా వదులుతూ చాలాసేపు వింది. తలెత్తి అక్క మొహంలోకి ఒకసారి చూసింది. తరవాత రాసింది: నూట ఇరవై, ఎనభై.

"చూశావా! మనసు పెడితే రాక చస్తుందా?" అక్క నిజంగానే సంబరపడి, ఇంత పొడుగున టిక్కు పెట్టింది.

పిల్ల నవ్వలేదు. "మీ తలనొప్పి తగ్గిందా అక్కా?" అంది.

"థీసిస్ ఉన్నన్నాళ్ళూ అదీ ఉంటుందిలే, పో."

మధ్యాహ్నం అక్క కింద అంతస్తులోని క్లినిక్కుకి వెళ్ళింది. ఏటా చేయించుకోవాల్సిన ఆరోగ్య పరీక్షను ఏదో ఒక సాకుతో ఎగ్గొడుతూ వచ్చింది. ఈసారి ఆఫీసువాళ్ళు వదల్లేదు. నర్సు ఒక చేతికి చూసింది, రెండో చేతికి చూసింది, లోపలికి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది.

"నూట అరవై," అన్నాడాయన పట్టీ విప్పుతూ. "ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా?"

కనీసం మూడు వారాల నుంచి. ఆ మాట ఎవరు చెప్పారో ఆమెకు తెలుసు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. మందుల చీటీ పర్సులో కుక్కుకుని హాస్టలుకు పరుగులాంటి నడక నడిచింది.

పిల్ల మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. కోర్సు మానేస్తున్నానని కాగితం రాసిచ్చి, పిల్ల పన్నెండు గంటల బస్సెక్కిందని గదిలో ఉండే అమ్మాయి చెప్పింది. అక్క అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"నువ్వు విన్నదే నిజం తల్లీ. తప్పంతా నాది. వెనక్కి వచ్చెయ్."

బస్సు రొదలోంచి పిల్ల గొంతు వినిపించింది. "మందులు మొదలుపెట్టారా అక్కా?"

"నా సంగతి సరే! పాసయ్యాక ఎందుకు వెళ్ళిపోయావు?"

"ఇవాళ కూడా నాకు నూట అరవై దగ్గరే వినపడిందక్కా. అయినా మీ మొహం చూసి నూట ఇరవై రాసేశాను. రేపు నిజం రోగి దగ్గరా ఇలాగే రాస్తానేమోనని భయమేసింది." తనే మళ్ళీ అంది: "మందులు మానకండక్కా. ఉంటాను."

మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు. అక్క తరగతి గదికి తిరిగొచ్చి కూర్చుంది. ఆరేళ్ళలో తన చేతి మీద నేర్చుకుని వెళ్ళిన పిల్లలందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళకు తను ఏం నేర్పినట్టు?

బల్ల మీద పిల్ల వదిలేసిన రికార్డు పుస్తకం తెరిచే ఉంది. అందులో ఎర్రసిరాతో కొట్టేసిన మూడు అంకెలు, వాటి కింద నూట ఇరవై, దాని పక్కన పొడుగాటి టిక్కు.