పిలవని బండి

పొద్దున్నే ఆమె పరీక్ష కారెక్కి, స్టీరింగ్ ముందు కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంటుంది. కారు నడుస్తుంది. ఆమె చూస్తూ ఉంటుంది. మలుపు తిప్పేది కారు, బ్రేకు వేసేది కారు. దేన్నైనా గుద్దితే పోలీసులు అడిగేది మాత్రం ఆమెని. ఈ ఉద్యోగానికి కంపెనీ పెట్టిన పేరు భద్రతా పర్యవేక్షకురాలు. కార్లని పరీక్షించే యార్డులో అందరూ పిలిచేది కాపలా అక్క.

డ్రైవింగ్ బాగా వచ్చని ఆమెని తీసుకోలేదు. నిద్ర రాదని తీసుకున్నారు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నిద్రపోలేదు. ఆమె వాటా నిద్ర కూడా భర్తే పోతాడు. ఆ ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. "మావాడిది ఇద్దరి నిద్ర. చెవి దగ్గర డప్పు కొట్టినా లేవడు" అని అత్తగారు మురిసిపోయేది, కొడుకు రెండు డిగ్రీలు తెచ్చుకున్నట్టు. డాక్టరు ఆమె కళ్ళలో టార్చి వేసి చూసి, "పర్లేదమ్మా, ఇంట్లో ఎవరో ఒకరు పడుకుంటున్నారుగా" అని పంపేశాడు.

రాత్రి ఇల్లంతా పడుకున్నాక ఆమె ఒక్కతే మిగిలేది. ఫ్రిజ్ మూలిగి ఆగేది. కూతురు దగ్గేది. "అమ్మాయ్, మంచినీళ్ళు" అని అత్తగారి గదిలోంచి కేక వచ్చేది. మాట్లాడడానికి ఒక్కరూ ఉండరు గాని, పిలవడానికి అందరూ ఉంటారు. నీళ్ళిచ్చి వచ్చి, కిటికీలోంచి ఎదుటి భవనంలో ఎక్కడైనా దీపం వెలుగుతోందేమో అని వెతికేది. కనిపిస్తే కాసేపు దానికి తోడు కూర్చునేది.

యార్డులో ఆమెకి ఉన్న ఒకే నేస్తం ఇంజనీరు అమ్మాయి. వెనక సీట్లో కంప్యూటర్ పెట్టుకుని, కారు చేసే తప్పులు రాసుకుంటూ ఉంటుంది.

"బండ్లకి సున్నా నుంచి అయిదు దాకా ఈ స్థాయిల గొడవేంటో ఒకసారి చెప్పు తల్లీ" అని అడిగింది ఆమె ఒకరోజు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"సున్నా అంటే అంతా మనిషే. బండి మహా అయితే కీచుమని హెచ్చరిస్తుంది. ఒకటంటే వేగమో స్టీరింగో, ఏదో ఒక్కటే చూసుకుంటుంది. రెండంటే రెండూ చూసుకుంటుంది. మనం ఇప్పుడు కూర్చున్నది అదే. కానీ చూపు మీదే, బాధ్యతా మీదే."

"చేసేది ఒకరు, మాట పడేది ఒకరు. మరి మూడు?"

"కొన్ని రోడ్ల మీద, వాతావరణం బాగుంటే, పూర్తిగా అదే నడుపుతుంది. మీరు పుస్తకం చదువుకోవచ్చు. పిలిస్తే మాత్రం వెంటనే అందుకోవాలి."

"అంటే పడుకోకూడదు."

"కూడదక్కా."

"మా అత్తగారి మంచినీళ్ళ వ్యవహారం. నాలుగు?"

అమ్మాయి యార్డులో తిరుగుతున్న చిన్న బండిని చూపించింది. పెట్టెకి చక్రాలు పెట్టినట్టుంటుంది. స్టీరింగ్ లేదు, పెడళ్ళు లేవు. షెడ్డుకీ క్యాంటీనుకీ మధ్య మనుషుల్ని తిప్పుతుంది. "దానికి గీసిన హద్దులో ఏం జరిగినా అదే చూసుకుంటుంది. చేతకాకపోతే పక్కకెళ్ళి ఆగుతుంది. మిమ్మల్ని పిలవదు."

"అసలు పిలవదా?"

"పిలవదు. హద్దు దాటమంటే మాత్రం కదలదు."

"అయిదు?"

"ఎక్కడికైనా, ఎలాంటి వానలోనైనా. అది ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు."

"చేశారు. మా ఇల్లు అదే. మా ఆయన్ని అడుగు, ఎంత సుఖమో చెప్తాడు."

అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆ నెలలోనే భర్త కొత్త కారు కొన్నాడు. "ఇక నాకు పనే లేదు, అదే నడుస్తుంది" అని ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

"అది రెండో స్థాయిదండీ. మీరు చూస్తూనే ఉండాలి" అంది ఆమె.

"షోరూంవాడికంటే నీకే తెలుసా? రోజంతా చేతులు ముడుచుక్కూర్చునేదానివి."

స్టీరింగ్ మీద చెయ్యి లేకపోతే ఆ కారు గోల పెట్టేది. ఆయన దానికో ఉపాయం కనిపెట్టాడు. నీళ్ళసీసాని తువ్వాలుతో స్టీరింగుకి కట్టాడు. కారు ఆ బరువునే చెయ్యి అనుకుని ఊరుకుంది. ఆమె విప్పేసింది. ఆయన మళ్ళీ కట్టాడు. సెలవులకి ఆయన కూతుర్ని తన అక్క ఇంటికి తీసుకెళ్ళే రోజు, ఆమె సీసానీ తువ్వాలునీ కూడా దాచేసి డ్యూటీకి వెళ్ళింది. ఆయన దారిలో రెండూ కొనుక్కున్నాడు.

భోజనాల వేళ, పరీక్ష కారు యార్డులో ఆపి ఉండగా, కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న పడుకున్నాడు."

"లేపు."

"లేపాను. గిల్లాను. మీద నీళ్ళు కూడా పోశాను."

"కారు?"

"వెళ్తోంది. ముందర రోడ్డు తవ్వుతున్నారని బోర్డు కనిపించింది."

ఆ కారు తెల్లగీతల్ని పట్టుకుని పోతుంది. తవ్విన చోట గీతలుండవు. ఆ సంగతి ఆమె రోజూ చూస్తున్నదే.

"స్టీరింగ్ మీద సీసా అందుతుందా నీకు?"

"వెనక నుంచి అందట్లేదు. బెల్టు తియ్యనా?"

"తియ్యకు. ఫోన్ పెట్టెయ్యకు."

మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే నిద్ర. అది ఆయన్ని వదలాలంటే ఆమె తీసుకోవాలి. అక్కడే సీటుకి జారబడి కళ్ళు మూసుకుంది. తెరుచుకున్నాయి. ఎదురుగా స్టీరింగ్ ఉంది. ఏది పిలుస్తుందోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని బతికిన మనిషికి, దాని ముందు నిద్రెలా వస్తుంది?

చిన్న బండి వచ్చి ఎదురుగా ఆగింది. తలుపు తెరుచుకుంది.

ఆమె ఫోను ఇంజనీరు అమ్మాయి చేతిలో పెట్టింది. "పాపతో మాట్లాడుతూ ఉండు."

"మీరెక్కడికక్కా?"

"నిద్రపోవడానికి."

అమ్మాయి ఫోను చెవికి ఆనించుకుంది.

లోపల ఎవరూ లేరు. కూర్చోగానే ఆమె కాలు లేని బ్రేకు కోసం వెతికింది. చేతులు పట్టుకోవడానికేమీ లేక మోకాళ్ళ మీద తడుముకున్నాయి. సామాన్ల బండొకటి అడ్డం వచ్చింది. పెట్టె తనే ఆగింది, అది పోయేదాకా చూసి తనే కదిలింది. ఆమెని ఒక్కమాట అడగలేదు. ఇంత పనీ తను లేకుండా జరిగిపోయిందని ఆమెకి ఏడుపొచ్చింది. ఆ వెనకే ఆవలింత వచ్చింది. పెళ్ళికి ముందు వాడుకున్న తలగడ వాసన వచ్చింది. తల పక్కకి వాలిపోయింది.

దూరాన రోడ్డు మీద, ఎవరో పరుపు లాగేసినట్టు ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా ఎర్రజెండాలు, గొయ్యి. సీసాతో సహా స్టీరింగు పట్టుకుని బ్రేకు తొక్కాడు.

టైర్లు అరవడం అమ్మాయికి ఫోన్లో వినిపించింది. కాసేపటికి పాప గొంతు. "నాన్న లేచాడు. ఆగాం. అమ్మకివ్వండి."

"అమ్మ పడుకుంది."

"అమ్మ పడుకుందా?"

"అవునమ్మా. నేను లేపను."

చీకటిపడేదాకా ఆ పెట్టె ఆమెని యార్డంతా తిప్పుతూనే ఉంది.

నిద్ర వచ్చిన మనిషి కాపలాకి పనికిరాదని కంపెనీవాళ్ళు ఆమెని తీసేశారు. ఆమె ఒక పాత వ్యాను నడపడానికి కుదురుకుంది. సున్నా స్థాయి. నడిపేదీ తనే, మాట పడేదీ తనే. ఆ లెక్క ఆమెకి నచ్చింది. నిద్ర మాత్రం ఆయనకి తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు రాత్రిళ్ళు ఆయనొక్కడే మిగులుతున్నాడు. ఫ్రిజ్ మూలుగుతుందని ఆయనకి కొత్తగా తెలిసింది. మొదటి రాత్రి కిటికీ దగ్గర నించుంటే, ఎదుటి భవనంలో ఒక దీపం కింద ఒకావిడ కనిపించింది. ఆవిడ ఆయన్ని దాటి గదిలోకి చూస్తోంది, రోజూ ఇక్కడ కూర్చునే మనిషి ఏమైందని. ఆయన పక్కకి జరిగాడు. మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆమెని ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత దీపం ఆర్పేసింది.

"అమ్మాయ్, మంచినీళ్ళు" అని లోపలి గదిలోంచి కేక వచ్చింది.

ఎవరైనా లేస్తారేమోనని ఆయన కాసేపు చూశాడు. కేక మళ్ళీ వచ్చింది. చీకట్లో గ్లాసులెక్కడ ఉంటాయో తెలియక, గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు.