మోత లేని పెట్టె

మొగల్తూరు చుట్టుపక్కల మైకుసెట్టు చిట్టియ్య మాటలో ముప్పాతిక వంతు తీసేసి వినాలని పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. వయసులో ఉండగా తీర్థంలో హారన్లు కట్టి ఆయన "హలో హలో" అంటే, వేటకెళ్లిన పడవలన్నీ తుఫాను హెచ్చరికనుకుని ఒడ్డుకొచ్చేశాయట. ఇంకోసారి ఆయన చేసిన ఆంప్లిఫయరు పెళ్లిపందిట్లో వేడెక్కితే వంటవాళ్లు దానిమీదే గారెలు వేసేశారట. నమ్మినవాళ్లు నమ్మారు, గారెలు తిన్నామన్నవాళ్లు కూడా బయల్దేరారు. మాటలెలా ఉన్నా చేతిపనిలో మాత్రం ఆయనకి వంక పెట్టినవాడు లేడు.

కిందటేడు వేసవిలో మద్రాసు పాతసామాన్ల కొట్లో ఆయనకి రెండు మాడ్యూళ్లు దొరికాయి. వెనకటి రికార్డింగు థియేటర్లలో మైకులన్నీ వచ్చి కలిసే పెద్ద మిక్సరు బల్ల ఉండేది కదా, దాన్ని ఊడదీస్తే వచ్చిన ముక్కలవి. ఒక్కో ముక్క ఒక్కో మైకుది. బల్లా పోయింది, దానికి కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టే పోయింది. గోడ ప్లగ్గుకి తగిలిస్తే అవి బూడిదే. నలక లేని డీసీ కరెంటు, అదీ ఇరవైనాలుగు వోల్టులు, కావాలి. "బాలింతకి పథ్యం పెట్టినట్టు వీటికి కరెంటు వడకట్టి పొయ్యాలి" అంటూ చిట్టియ్య కొత్త పెట్టె కట్టడానికి కూర్చున్నాడు.

అంత పట్టుదల రెబెక్కా కోసం. పక్కవీధిలో ఉండే రిటైరైన టీచరు. వాళ్లమ్మ ఊడ్పుల్లో పాడిన పాట ఒకటుంది. ఆ రాగం తెలిసినవాళ్లలో మిగిలింది రెబెక్కా ఒక్కతే. ఆమెకి గొంతులో గడ్డ లేచింది. అది నరాన్ని చుట్టుకుపోయిందనీ, తీశాక గొంతు మిగలచ్చు మిగలకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. ఆపరేషను వినాయకచవితి వెళ్లాక.

"ఫోన్లో పాడేస్తానన్నయ్యా, ఓ పనైపోద్ది" అంది రెబెక్కా.

"ఫోన్లోనా! పులస తెచ్చి పకోడీ వేస్తానంటావేంటి చెల్లెమ్మా? నా పెట్టె అవనీ. నీ పాట వింటే మీ అమ్మ లేచొచ్చి నాటు వంకరగా పడిందని తిట్టాలి."

ఆమె భర్త డేనియల్ నవ్వి, తీసిన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

పెట్టె అయింది. చెరువుగట్టు పక్కన చిట్టియ్య షెడ్డులోకి రెబెక్కా వచ్చి, మైకు ముందు నిలబడి పాటంతా పాడింది. హెడ్‌ఫోను పెట్టుకున్న చిట్టియ్య మొహం మాడిపోయింది. పాట కింద సన్నగా గుయ్ మని మోత. రికార్డు నొక్కనేలేదు.

"ఇవాళ్టికొద్దు చెల్లెమ్మా. వారం ఆగు."

"చిన్న మోతే కదా. వెనకాల తుమ్మెద తిరిగిందనుకుంటారు."

"నేను రికార్డు చేసేది నిన్ను. తుమ్మెదని కాదు."

వారం గడిచింది. ట్రాన్స్‌ఫార్మరు చుట్టు విప్పి మళ్లీ చుట్టాడు. భీమవరం వెళ్లి కొత్త కండెన్సర్లు తెచ్చాడు. చుట్టూ ఇనపరేకు కప్పాడు. మోత మోతే. రెబెక్కా రెండుసార్లు కబురు చేసింది, రెండుసార్లూ "ఇదిగో, అదిగో" అన్నాడు. చవితి వెళ్లింది. ఆమె రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

ఆమె అక్కడ ఉండగానే షెడ్డు పక్క చెరువు ఆసామి గణేష్‌బాబు పెరిగిన రొయ్యలు పట్టించి అమ్మేశాడు. మర్నాడు చిట్టియ్య అలవాటుకొద్దీ హెడ్‌ఫోను పెట్టుకుంటే మోత లేదు. తీగ ఊడిందేమోనని చూశాడు. ఊడలేదు. కిటికీలోంచి చూస్తే, రొయ్యలకి గాలి కొట్టే ఏరియేటర్ల చక్రాలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. తడినేల అయితే ఎర్తు బాగా అందుతుందని, మన వైపు అందరూ చేసినట్టే, ఎర్తు గొట్టం చెరువుగట్టులో దింపింది తనే. నీళ్లలో ఆ మోటార్లు కారుస్తున్న కరెంటు ఆ ఎర్తు తీగ పట్టుకుని సరాసరి షెడ్డులోకి వచ్చింది. పెట్టె మొదటిరోజే బాగుంది.

"గణేష్‌బాబూ, అప్పుడు నీ చక్రాలు ఓ పావుగంట ఆపుంటే రొయ్యలు చచ్చేవా?"

"పట్టపగలు పావుగంటకేం చస్తాయండి? అరగంటైనా ఆపేవాణ్ణి. ఓ కేకేస్తే సరిపోయేది కదండి."

ఏ మాటకైనా మాట అంటించే చిట్టియ్య తల దించుకుని వచ్చేశాడు.

ఆపరేషనై వచ్చిన రెబెక్కా మెడకి గుడ్డ చుట్టుకుని, డేనియల్‌ని వెంటబెట్టుకుని తనే షెడ్డుకి వచ్చింది. చిట్టియ్య జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె మైకు ముందుకెళ్లి నోరు తెరిచింది. మాటలొచ్చాయి, గాలి ఊదినట్టు. రాగం లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. పెట్టె ఎంత బాగా పనిచేస్తోందంటే, ఆమె మింగిన గుటక కూడా చిట్టియ్య చెవిలో పడింది.

"ఈయనకి స్వరజ్ఞానం లేదు" అంది గుసగుసగా, భర్తని చూపించి. "చర్చిలో కూడా పెదాలాడిస్తారంతే. నీకు చెవుంది. ఆ రోజు మొత్తం పాడాను కదా, గుర్తున్నంత తియ్యన్నయ్యా. తప్పినచోట నేను దిద్దుతాను. ఇంకెవరికైనా నేర్పుదాం."

చిట్టియ్య కళ్లు మూసుకున్నాడు. ఆ పొద్దు మొత్తం గుర్తుంది. మీటరు ముల్లు వణకడం, సాల్డరింగు పొగ వాసన, ఆమె పెదాలు కదలడం. చెవిలో మాత్రం గుయ్ మనే మోత ఒక్కటే. ఆ పాట జరిగినంతసేపూ ఆయన దాన్నే విన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక లేనివి కల్పించడమే పనిగా బతికిన మనిషి, ఓ రాగం కల్పించలేడా? నోరు రాలేదు.

"గుర్తులేదు చెల్లెమ్మా."

రెబెక్కా డేనియల్ వైపు చూసి నవ్వింది. "చూశారా, ఇప్పుడు కూడా వేళాకోళమే" అంది. పాటకి తాళం వెయ్యడానికి చెయ్యి పైకెత్తి, చిట్టియ్య మొదలుపెడతాడని అలాగే పట్టుకుని నిలబడింది.