ముగియని షిఫ్టు

జూట్ మిల్లు యంత్రం లాగేసుకున్నాక కూడా తవిటమ్మ కుడిచెయ్యి మానకుండా డ్యూటీకి పోతోంది. పొద్దున్నే గేటు దగ్గర హాజరు మిషను మీద బొటనవేలు పెట్టి, తిన్నగా పీచు తోసే చోటికి వెళ్తుంది. ఒక్క నాగా పెట్టదు. ఆ అలవాటు తవిటమ్మే నేర్పింది, ఇప్పుడు ఎవర్ని అని ఏం లాభం?

కింద కార్మిక శాఖ అధికారి ఆమెకు నష్టపరిహారం ఇవ్వమన్నాడు. ఇక ఆమె బతుకుతెరువు అదొక్కటే. మిల్లువాళ్లు ఊరుకుంటారా, అప్పీలుకు పోయారు. ఇవాళ పైకోర్టులో వాదన.

కోర్టు హాలు బారెడు వెడల్పు, రెండు మైళ్ల పొడవు ఉంటుంది. తవిటమ్మ నడిచి నడిచి జడ్జిగారి ముందుకు చేరేసరికి చీర అంచు అరిగిపోతుంది.

"ప్రమాదం రోజున ఈమెను ఆసుపత్రికి మోసుకుపోయారు," అంటాడు మిల్లు వకీలు, ఎంతో మర్యాదగా. "బయటికి వెళ్లేటప్పుడు వేలిముద్ర వేయలేదు. కనుక ఆనాటి షిఫ్టు ఇంకా నడుస్తోంది. చెయ్యి పనిలోనే ఉంది. పనిలో లేనిది ఈమే."

జడ్జిగారు కాగితాలు తిరగేసి తలూపుతారు. "ఎందుకు వేయలేదమ్మా?"

"ఏలు మిసన్లో ఉండిపోనాది కదా బాబూ. ఏటితోటి ఎయ్యమంతారు?"

"అది మీరూ మీరూ చూసుకోవలసింది."

సాక్షిగా చెయ్యి వస్తుంది, గోళ్లనిండా పీచుతో. బోనెక్కి ఆమె వైపు కొంచెం వేళ్లు చాపుతుంది. దాన్ని ఒళ్లో పెట్టుకోవాలని తవిటమ్మ ప్రాణం కొట్టుకుంటుంది.

"రాయే, ఇంటికెల్పోదాం," అంటుంది.

చెయ్యి అడ్డంగా ఊగుతుంది. పని మధ్యలో వదిలేసి రావడం దానికి చేతకాదు.

తీర్పు చదువుతారు. ఉద్యోగి చెయ్యే. ప్రమాదంలో అది తవిటమ్మను పోగొట్టుకుంది. పరిహారం దానికే చెల్లించాలి, పోయిన భాగాన్ని కోర్టు భద్రపరచాలి.

బంట్రోతు తవిటమ్మ మెడకు చీటీ కట్టి వెనకగదికి తీసుకుపోతాడు. అక్కడ నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా మనుషులు, దుమ్ము పట్టి, వరసగా. ఒక ముసలాయన జరిగి చోటిస్తాడు.

"నాను పాదం తాలూకు, తల్లీ," అంటాడు. "నువ్వేటి తాలూకు?"

"సెయ్యి తాలూకు బాబూ," అంటుంది తవిటమ్మ, అరలో పట్టేలా మోకాళ్లు ముడుచుకుంటూ.