అరవై ఎనిమిది డిగ్రీల వాన

ఆగండి, పేజీ తిప్పేయకండి, కాసేపు వినండి. ముందు తలెత్తి పైకప్పు చూడండి. మీరున్నది ఆఫీసో, ఆస్పత్రో, పెద్ద దుకాణమో అయితే అక్కడ బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని స్ప్రింక్లర్ అంటారు. దాని రెండు చేతుల మధ్య అగ్గిపుల్లంత ఎర్రటి గాజుగొట్టం, గొట్టంలో ద్రవం, ద్రవంలో ఆవగింజంత గాలిబుడగ. కింద మంట లేచి వేడి పైకెక్కితే ద్రవం ఉబ్బుతుంది, బుడగ మాయమవుతుంది, అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర గాజు టిక్‌మని పగులుతుంది. అప్పటిదాకా ఆ గాజు ఆపిపెట్టిన మూత ఊడిపోతుంది, పైపులో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న నీళ్ళు గొడుగులా విచ్చుకుని పడతాయి. కరెంటు అక్కర్లేదు, స్విచ్చు అక్కర్లేదు, ఎవరూ పరిగెత్తుకొచ్చి ఏదీ నొక్కక్కర్లేదు.

డిప్లొమా చదివే రోజుల్లో మావయ్య షాపులో మొదటిసారి ఆ టిక్ విన్నాను. అంతే, పడిపోయాను. ఇంత చిన్న గాజుముక్కకి ఇంత పెద్ద బాధ్యతా అని ఆ రోజంతా అదే గోల. మావయ్య మా అమ్మ తమ్ముడు, ఇరవై ఆరేళ్ళుగా భవనాల్లో ఈ సామాను బిగించి ఏటా తనిఖీ చేసే పని ఆయనది. చదువవగానే నేను ఆయన దగ్గరే చేరిపోయాను.

"దీనికి గాజు పిచ్చి పట్టిందిరా" అంది అమ్మ.

"పట్టనీ అక్కా, నా స్పానర్లు మోసేవాళ్ళు ఒకరు కావాలిగా" అన్నాడు మావయ్య.

మా పనిలో ముఖ్యమైనది శాంపిల్ పరీక్ష. ఏటా ప్రతి భవనంలో పైకప్పు నుంచి ఒక స్ప్రింక్లర్ విప్పి, దాని స్థానంలో కొత్తది బిగించాలి. విప్పినదాన్ని నీళ్ళగిన్నెలో వేసి, థర్మామీటర్ పెట్టి, మెల్లగా వేడి చేయాలి. అరవై ఎనిమిది దగ్గర పేలితే పాస్. వినడానికి సులువే. కానీ విప్పాలంటే ముందు వాల్వు కట్టాలి, పైపు ఖాళీ చేయాలి. ఎంత ఖాళీ చేసినా మిగిలిన నీళ్ళు పడతాయి, అవి మామూలు నీళ్ళు కావు, ఏళ్ళ తరబడి ఇనుప గొట్టంలో కుళ్ళినవి, తారులా నల్లగా, చచ్చిన ఎలుక కంపు.

ఇక ఒక లాండ్రీ సంగతి. మూడంతస్తుల భవనం, ఆస్పత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. రెండో అంతస్తులో ఇస్త్రీ గది. అక్కడ ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర పద్నాలుగేళ్ళుగా ఒకావిడ పనిచేసేది, అందరూ ఆవిరక్క అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా పొగమంచులో ఉన్నట్టుండేది. "నా మొహం చూడాలంటే ముందు ఉఫ్‌మని ఊదాలమ్మాయ్" అని తనమీద తనే జోకు వేసుకునేది. ఎడమ మోకాలు అరిగిపోయింది, నడిస్తే ఒకపక్కకి ఒరిగేది. పైపులు చూడటానికి నేను నిచ్చెన వేసుకుని వెళ్ళిన ప్రతిసారీ కింద నిలబడి పట్టుకునేది ఆవిడే. పట్టుకోమని నేనెప్పుడూ అడగలేదు.

పోయిన ఏడాది తనిఖీకి మావయ్యకి జ్వరం. నేనొక్కదాన్నే వెళ్ళాను. వాల్వు దగ్గరికి వెళ్తుంటే లాండ్రీ మేనేజర్ అడ్డం వచ్చాడు. అక్కడ ఆయన్ని తెల్లచొక్కా అంటారు, ఆ చొక్కాకి ముడత పడటం ఎవరూ చూడలేదట.

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఇవాళ వద్దు. చూడు, మూడువందల దుప్పట్లు. ఆపరేషన్ గదులకి వెళ్ళాల్సినవి. నీ నల్లనీళ్ళు ఒక్క చుక్క పడ్డా మళ్ళీ మొదటినుంచి ఉతకాలి."

మావయ్యకి ఫోన్ చేశాను. దగ్గుతూనే చెప్పాడు. "స్పేర్ పెట్టెలోది తీసుకో. పైనున్నవీ అవీ ఒకే బ్యాచ్, ఒక కడుపున పుట్టినవే. నేనూ అప్పుడప్పుడూ అలా కానిచ్చినవాడినే."

ప్రతి భవనంలో వాల్వు పక్కన గోడకి ఒక ఎర్ర పెట్టె ఉంటుంది, అందులో అరడజను కొత్త స్ప్రింక్లర్లు సిద్ధంగా ఉంటాయి. ఒకే బ్యాచ్, నిజమే. కానీ ఒకటి పుట్టినప్పటినుంచి పెట్టెలో పడుకుంది, ఇంకొకటి పద్నాలుగేళ్ళు ఇస్త్రీ గది ఆవిరిలో వేలాడింది. ఇది నాకు ఆ రోజు తట్టలేదు. తలెత్తి చూశాను కూడా. ఇస్త్రీ గది పైకప్పుకున్న ఒకే ఒక్కటి బూడిదరంగులో కనిపించింది. 'దుమ్ము ఉంది' అని రాసుకున్నాను. గాజుని గుడ్డతో తుడవకూడదని మావయ్య మొదటిరోజే నేర్పాడు, నొక్కుకి పగులుతుందని. సరే అని వదిలేశాను.

పెట్టె తెరుస్తుంటే ఆవిరక్క వచ్చింది.

"ఇదేనా నువ్వు ఎప్పుడూ చెప్పే టిక్కు పిల్ల?"

"ఇదే. చూస్తావా పేలడం?"

ఆ పరీక్ష షాపులో చేయాలి. కానీ ఆవిడ కళ్ళు చూసి ఆగలేకపోయాను. ఆవిడ టీ కాచుకునే కరెంటు పొయ్యిమీదే నీళ్ళగిన్నె పెట్టాం. థర్మామీటర్ నేను పట్టుకున్నాను. అరవై. అరవై నాలుగు. ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. అరవై ఏడు. టిక్. నీళ్ళలో ఎర్రటి చుక్క ఒకటి పొగలా విచ్చుకుంది.

"అబ్బ! ఇంతేనా? ఇంత చిన్న చప్పుడా?"

"చప్పుడు చిన్నదే అక్కా, పని పెద్దది."

ఆవిడ గిన్నెలోకి వంగి పగిలిన గాజు చూసింది. తర్వాత మోకాలు రుద్దుకుంటూ మెల్లగా అడిగింది. "మరి నిప్పు అంటుకుంటే వీళ్ళంతా కుందేళ్ళలా పరిగెత్తుతారు. నేను ఆ మెట్లు దిగేసరికి తెల్లారిపోతుంది. నాలాంటి కుంటిది ఏం చెయ్యాలే?"

నేను ఏం చెప్పాలి? బల్ల వదిలేసి తలుపు వైపు కదులు, మెల్లగానైనా సరే, పాక్కుంటూనైనా సరే, అని చెప్పాలి. మా మొదటి పాఠమే అది. కానీ చేతిలో అప్పుడే పేలిన స్ప్రింక్లర్ ఉంది, ఆవిడ మొహంలో ఆ ఆశ్చర్యం ఉంది, నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

"ఏం చెయ్యక్కర్లేదు అక్కా. సరిగ్గా పైకప్పుకున్న దాని కిందకొచ్చి నిలబడు. పైనుంచి వాన పడుతుంది. నిన్ను నిప్పు ముట్టుకోదు."

"ఒట్టు?"

"ఒట్టు."

పేలిపోయిన ఆ ఇత్తడి ముక్కని ఆవిడ అడిగి తీసుకుంది. నేను రిపోర్టులో 'పాస్' అని రాశాను. శాంపిల్ ఎక్కడినుంచి అన్నచోట 'ఇస్త్రీ గది పైకప్పు' అని రాశాను.

ఆరు నెలల తర్వాత వేరే పనిమీద వెళ్తే ఇస్త్రీ బల్ల జరిగి ఉంది. నాలుగడుగులు పక్కకి, సరిగ్గా స్ప్రింక్లర్ కిందకి. "మీ తెల్లచొక్కా ఒప్పుకున్నాడా?" అన్నాను. "వెలుతురు సరిపోవట్లేదని చెప్పాను. నీ వాన సంగతి చెబితే నవ్వడూ?" అని కన్ను గీటింది. నాకెంత గర్వంగా అనిపించిందో చెబితే మీరు నమ్మరు.

నిప్పు మూడు వారాల క్రితం అంటుకుంది. పొద్దున్న పదకొండింటికి. పక్కనున్న ఆరబెట్టే యంత్రం వెనకగొట్టంలో నూలుపీచు పేరుకుని రాజుకుంది, అక్కణ్ణించి ఇస్త్రీ గదిలోకి. గదిలో తొమ్మిదిమంది. ఎనిమిదిమంది బయటికొచ్చారు. అందులో ఒకమ్మాయి నిండు చూలాలు, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. ఇస్త్రీ బల్ల నుంచి మెట్ల తలుపుకి ఇరవై రెండు అడుగులు. తర్వాత నేనే వెళ్ళి కొలిచాను, ఒకపక్కకి ఒరుగుతూ, ఆవిడలా నడుస్తూ. నలభై సెకన్లు పట్టింది. గదిలో పొగ నిండటానికి నాలుగు నిమిషాలు పట్టిందని విచారణవాళ్ళు తేల్చారు.

ఆవిరక్క స్ప్రింక్లర్ కింద దొరికింది.

ఆ స్ప్రింక్లర్‌ని విచారణ గదిలో తెల్లకాగితం మీద పెట్టి చూపించారు. దుమ్ము కాదు. పద్నాలుగేళ్ళు ఆవిరితో పాటు పైకెక్కిన గంజి, దానికి అంటుకున్న దుప్పట్ల నూలుపీచు, పొర మీద పొర, ఎండి రాయిలా అయింది. కందిరీగ గూడులా ఉంది. ఆ గూట్లో గాజు పగిలింది, ఆలస్యంగానైనా పగిలింది. కానీ మూత ఊడలేదు. గంజి దాన్ని అతికించేసింది. ఆవిడ రోజూ చల్లిన గంజే.

ఒక్కసారి, ఒక్క ఏడాది, ఆ ఇస్త్రీ గది పైకప్పు నుంచి విప్పి నీళ్ళగిన్నెలో వేసి ఉంటే ఇదంతా గిన్నెలోనే తెలిసిపోయేది.

విచారణలో మావయ్య నన్ను నోరు విప్పనివ్వలేదు. లేచి నిలబడి, "శాంపిల్ పెట్టెలోంచి తియ్యమన్నది నేను. అమ్మాయి నేను చెప్పింది చేసింది" అన్నాడు. ఆయన లైసెన్సు పోయింది, కేసు నడుస్తోంది. మిగిలిన పదకొండు భవనాల్లో పైనున్నవి విప్పి చూడమని పట్టుబట్టింది కూడా ఆయనే. వేరే కంపెనీవాళ్ళతో కలిసి నేనే విప్పాను. రెండుచోట్ల అదే గూడు. తీసి పారేసి కొత్తవి బిగించాం. ఆ లెక్క అక్కడికి తేలింది. తేలనిది వేరే ఉంది.

నిన్న ఆవిరక్క భర్త షాపుకొచ్చాడు. ఆవిణ్ణి అక్క అన్నాక ఆయన బావగారే కదా నాకు. బస్సుల గ్యారేజీలో సీట్లు కుట్టే పని ఆయనది, పెద్ద పెద్ద చేతులు. షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికొచ్చి బల్లమీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ ఎనిమిదిమందితోనూ మాట్లాడానమ్మా. ఒకావిడ చెప్పింది, 'రావే రావే' అని చెయ్యి పట్టుకుని లాగిందట. ఇది రాలేదట. నవ్విందట కూడా. 'మీరు పదండి, వాన పడుతుంది' అందట. ఎండలు మండిపోతుంటే, నాలుగు గోడల మధ్య, వానేంటమ్మా?"

నేను చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టాను.

"నాకు తెలుసులే అదేంటో" అన్నాడు. "ఆ రోజు పొద్దున మోకాలు నొప్పంటే మాత్ర నేనే ఇచ్చాను. సగం వేసుకుంటానంటే పూర్తిది వేసుకో అని కసిరాను. దానిమీద రాసుంది, మత్తుగా ఉంటుందని. మత్తులో ఏదో వాగింది. నేనే దాన్ని అక్కడ నిలబెట్టేశాను."

"లేదు బావగారూ" అన్నాను.

ఆయన జేబులోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. ఇత్తడి ముక్క, రెండు చేతులు, మధ్యలో గాజు లేదు. మెరిసిపోతోంది, రోజూ తోమినట్టు.

"వంటింట్లో తన అద్దం పక్కన మేకుకి వేలాడదీసుకుంది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఏంటే ఇది అంటే, 'ఇది నా గొడుగు, నీకెందుకు' అని నవ్వేది. ఇది నీ పని సామానులాగే ఉంది కదమ్మా. ఏంటిది? ఎందుకు దాచుకుంది?"

బయట మావయ్య చెప్పుల చప్పుడు వినిపించింది. "రేపు చెప్తాను బావగారూ, నాలుగింటికి రండి" అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ ముక్కని ఇక్కడే వదిలేశాడు.

మావయ్యకి మొత్తం చెప్పాను, ఒట్టుతో సహా. మొదటిసారి ఎవరికైనా చెప్పడం. ఆయన చాలాసేపు స్పానర్ల పెట్టె సర్దాడు, సర్దిందే మళ్ళీ సర్దాడు.

"పెట్టె సంగతి నాది, అది నేను మోస్తాను. ఈ మాట మాత్రం నీకూ చచ్చిపోయినావిడకీ తప్ప ఎవరికీ తెలీదు. చెప్పావంటే నీకు ఇరవై మూడేళ్ళే, బతుకంతా ఆ మాట కిందే ఉంటావు. అదేదో గుర్తుకిచ్చానని చెప్పు. అబద్ధం కూడా కాదు."

"మరి ఆ మాత్ర?"

"ఏం మాత్ర?"

"ఆయన బతుకంతా ఆ మాత్ర కింద ఉంటాడు కదా మావయ్యా."

మావయ్య నావైపు చూడలేదు. "చెబితే మాత్రం? తన భార్య మత్తులో కాదు, తెలివిలోనే ఉండి, నిన్ను నమ్మి, పైకి చూస్తూ నిలబడిందని తెలుస్తుంది. అది ఆ మాత్ర కంటే తేలికా?" అన్నాడు. స్పానర్ల పెట్టె మూసి బయటికెళ్ళిపోయాడు.

నేను పొద్దుటినుంచి ఇదంతా టైపు చేస్తున్నాను. ఆ ఇత్తడి ముక్క కీబోర్డు పక్కనే ఉంది. పైపుకి బిగించేటప్పుడు చుట్టే తెల్లటి టేపు ముక్క కూడా దాని మరల్లో లేదు. ఎప్పుడూ ఏ పైపుకీ బిగించనిది, ఒక్క రోజు కూడా ఏ పైకప్పునుంచీ వేలాడనిది. ఒక మనిషి దీన్ని రోజూ తోముకుంది.

నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది. షట్టరు సగం ఎత్తే ఉంది, దాని కింద ఆయన చెప్పులు ఇప్పుడే కనిపించాయి. ముందే వచ్చేశాడు. వంగి లోపలికి వస్తాడు, ఈ బల్లమీద కూర్చుంటాడు, అది ఎందుకు దాచుకుందమ్మా అని మళ్ళీ అడుగుతాడు. మీరు నా కుర్చీలో ఉంటే ఆయనకి ఏం చెబుతారు?