గోల్స్ లేని ఆరు నిమిషాలు

భవానీపురంలో నాది పెళ్ళివీడియోల స్టూడియో. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ తప్ప ఎవరినీ సరిగ్గా చూసినవాణ్ణి కాదు. అలాంటి నా దగ్గరికి మా వీధి కిరీటి ఒక హార్డ్‌డిస్క్ పట్టుకొచ్చాడు.

కిరీటి ఫుట్‌బాల్ ఆడతాడు. మైదానం మధ్యలో ఉంటాడు, మిడ్‌ఫీల్డర్ అంటారట. పన్నెండేళ్ళు, నాలుగు క్లబ్బులు, రెండు గోల్స్. అందులో ఒకటి తమ గోల్లోకే. ముప్ఫై మూడేళ్ళొచ్చాయని పాత క్లబ్బు వదిలేసింది. గోవాలో ఒక కోచ్ ఆరు నిమిషాల వీడియో పంపమన్నాడు. అది నచ్చితే ఇంకో రెండేళ్ళు ఆట, నచ్చకపోతే పటమటలో స్కూలు పిల్లలకి డ్రిల్లు. డ్రిల్లు అనేటప్పుడు వాడి మొహం చూడలేకపోయాను.

నలభై మ్యాచులు చూశాను. వాడేం చేస్తున్నాడో అర్థమైతే ఒట్టు. వేడి పెనం తగిలినట్టు, బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేస్తాడు. సరే, నాకు తెలిసిన పని నేను చేశాను. వాడిచ్చిన బంతులతో లక్ష్మీకాంత్ అనే కుర్రాడు కొట్టిన పదకొండు గోల్సూ వరసగా పేర్చి, స్లో మోషన్ పెట్టి, అలవాటుకొద్దీ వెనక సన్నాయి వేసి పంపాను. గర్వంగా కూడా ఉంది, అబద్ధమెందుకు?

మూడోరోజు కిరీటి నా స్టూడియోలో టీ తాగుతుండగా కోచ్ ఫోన్ చేశాడు. వీడియో చాలా బాగుందన్నాడు. ఆ గోల్స్ కొట్టే కుర్రాడి నంబరు కావాలన్నాడు. కిరీటి పది అంకెలూ నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బుద్ధుందా, నోటిదగ్గర కూడు తీసి ఇంకొకడికి పెడతావా అని తిట్టాను.

"గోలుకి వాడే దగ్గరున్నాడు కదన్నా," అన్నాడు. గ్లాసులు రెండూ కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ సోమవారమే పటమట స్కూల్లో చేరాడు.

నాకు ఏడుపొచ్చింది. తప్పు నాది. పెళ్ళిలో సాంబారు బకెట్ పట్టుకు తిరిగే బాబాయి ఏ ఆల్బంలోనూ ఉండడు. ఇన్నేళ్ళూ అలాంటివాళ్ళని కోసి పారేసింది నేనే. మొదటి మ్యాచ్ మళ్ళీ పెట్టాను. ఈసారి బంతిని వదిలేసి వాణ్ణే చూశాను. బంతి పోయిన ప్రతిసారీ అందరికంటే ముందు వెనక్కి పరిగెత్తేది వాడే. ఎదుటివాడి దారికి అడ్డం నిలబడేది వాడే. ఎటు పోవాలో మిగతావాళ్ళకి చెయ్యి చూపించేదీ వాడే. తొంభయ్యో నిమిషంలోనూ అంతే. గోలు పడ్డాక అందరూ లక్ష్మీకాంత్ మీద పడుతుంటే, వీడు అప్పటికే తన చోటికి నడుస్తున్నాడు.

మళ్ళీ ఆరు నిమిషాలు కట్ చేశాను. ప్రతి ముక్కనీ బంతి గోల్లోకి పోకముందే ఆపేశాను. సన్నాయి తీసేశాను. కిరీటికి చెప్పకుండా పంపాను.

మర్నాడు కోచ్ నాకే ఫోన్ చేసి, ముందు పంపినదాంట్లో ఇతనెక్కడున్నాడని అడిగాడు. అన్ని గోల్స్ వెనకా ఇతనేనండీ అన్నాను. అయితే వారంలోగా అతన్ని గోవా పంపించమన్నాడు.

బండేసుకుని పటమట వెళ్ళాను. గ్రౌండులో కిరీటి ఒక్కడే ప్లాస్టిక్ కోన్లు ఏరుతున్నాడు. విషయం చెప్పాను. చేతిలో కోన్లు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"లక్ష్మీకాంత్‌ని కూడా తీసుకున్నారా అన్నా?"

తీసుకున్నారట, కోచే చెప్పాడన్నాను.

"అయితే బంతి ఎవరికివ్వాలో వెతుక్కోనక్కర్లేదు," అని, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, మిగిలిన కోన్లు ఏరడానికి వంగాడు.