సాక్సులో సీసా

పెట్టె రాలేదు.

అందరి పెట్టెలూ వచ్చాయి. సన్నటి నడవాకి రెండు వైపులా ఉన్న గదుల ముందుకి ఒక్కొక్కటే చేరుతుంటే, వాటి మనుషులు వాటిని లోపలికి లాక్కుంటున్నారు. ఎదురు గదిలో దిగిన వదినగారి పెట్టె అందరికంటే ముందే వచ్చింది. వదినగారి వస్తువులు కూడా ఆవిడలాగే వేళకి ముందుంటాయి. నిదానమ్మ మాత్రం తలుపు తీసి చూడడం, వేయడం, మళ్ళీ తీయడం. ఓడ ఇంకా రేవులోంచి కదలనే లేదు.

నిదానమ్మ ఆమె అసలు పేరు కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకుంటుందని అత్తగారు పెట్టిన పేరు అసలు పేరును మింగి కూర్చుంది. గొళ్ళెం వేశాక వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, లాగి చూసుకునే మనిషి. అటువంటి మనిషి పెట్టె రాలేదు. ఆ పెట్టెలో ఏముందో ఆమె ఒక్కదానికే తెలుసు. దుప్పటి మడతల మధ్య భర్తది బూడిదరంగు ఉన్ని సాక్సు ఒకటి. ఆ సాక్సులో మూత తీయని బ్రాందీ క్వార్టరు సీసా.

ఆమె భర్తను అందరూ మేస్త్రి అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే పని. నువ్వుగింజంత స్క్రూలతో వ్యవహారం. ఇరవై ఏళ్ళు తాగాడు. చివరి రోజుల్లో చెయ్యి వణికి స్క్రూ కింద పడితే, దాన్ని వెతకడంతోనే ఓ పూట గడిచిపోయేది. ఒక రోజు ఏమనిపించిందో, ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజున, ఆమె అన్నం క్యారేజీ తెచ్చిన వేళకి, పనిబల్ల దగ్గరే కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానమ్మనే కోప్పడింది. ఇన్నేళ్ళు తాగిన మనిషి ఉన్నపళంగా మానకూడదని, దానికీ ఒక వైద్యం ఉంటుందని చెప్పి, పన్నెండు రోజులు అక్కడే ఉంచుకుని పంపింది. అది జరిగి రెండేళ్ళ మూడు నెలలు. మేస్త్రి మళ్ళీ చుక్క ముట్టలేదు.

కానీ ఆ పనిబల్ల దగ్గర చూసింది ఆమె కళ్ళను వదల్లేదు. ఆయన్ని ఇంటికి తెచ్చిన వారం తిరక్కుండానే చెంగు తల మీదికి లాక్కుని, మనుషులు పలచబడ్డ మధ్యాహ్నం వేళ చూసి మందు దుకాణానికి వెళ్ళింది. ఏది కావాలని కొట్టతను అడిగితే, ఏదైనా ఫరవాలేదు బాబూ, ప్రాణం మీదికొస్తే పోయడానికి అంది. అతను నవ్వలేదు. చిన్న సీసా తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

అది మొదలు ఆ సీసా ఆమె చేతిసంచిలోనే. శుభానికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా వెంట ఉండేది. ఆర్నెల్ల తర్వాత డాక్టరమ్మను ఊరికే అడిగినట్టు అడిగితే, ఇంక ఆ గండం గడిచిందమ్మా, అలాంటిది ఇంట్లో ఉంచుకోవడమే అసలు ప్రమాదం అంది. నిదానమ్మ తలూపింది. తల ఊగినంత తేలిగ్గా గుండె ఒప్పుకోదు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, నిన్నటి రోజును చల్లగా గడిపినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునేది. లేచి వచ్చి సంచి తడుముకునేది. దేవుడి మీద భారం వేశాక మళ్ళీ ఈ సీసా ఏమిటే అని తనను తానే అడిగేది. గొడుగు తీసుకెళ్ళిన రోజున వాన రాదు కదా, ఇదీ అంతే అని తనే జవాబు చెప్పుకునేది. దేవుడు మాత్రం ఏ సంగతీ తేల్చి చెప్పలేదు.

చలికాలంలో మేస్త్రి ఒంటి సాక్సు చేత్తో పట్టుకుని, దీని జతగాడేడే అంటూ వారం రోజులు ఇల్లంతా గాలించాడు. తర్వాత అడగడం మానేశాడు. మర్చిపోయాడులే అనుకుంది.

ఈ ప్రయాణం వదినగారి చలవ. మేస్త్రికి అక్క. పెద్ద బడికి హెడ్మిస్ట్రెసుగా చేసి రిటైరయింది. తన కూతురి పెళ్ళిలో తమ్ముడు తాగి వియ్యంకుడి ఒళ్ళో పడిన రోజున, వీడి గడప తొక్కనని ఒట్టేసుకుంది. పదకొండేళ్ళు తొక్కలేదు. వాడు మానేసి ఏడాది దాటాక వచ్చింది. వచ్చి, వాకిట్లో నిలబడే, ఇంకొక్కసారి ముట్టావని తెలిస్తే ఇదే ఆఖరు చూపు అని చెప్పి మరీ లోపల అడుగుపెట్టింది. ఆ రోజు మేస్త్రి చిన్నపిల్లాడిలా అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు ముగ్గురికీ కలిపి ఐదు రోజుల ఓడ ప్రయాణం.

వదినగారితో ఒక చిక్కుంది. తలనొప్పి మాత్ర కావాలంటే అడగదు, ఎదుటివాళ్ళ సంచిలో చెయ్యి పెట్టి తీసుకుంటుంది. అందుకని బయల్దేరే ముందు నిదానమ్మ సీసాను పెద్దపెట్టెలోకి మార్చింది. చేతిసంచులనే మిషన్లో పెట్టి చూస్తారు, పెద్దపెట్టెలు తిన్నగా గదికి చేరిపోతాయి అని ఎవరో చెబితే నమ్మింది. అన్నీ రెండుసార్లు సరిచూసుకునే మనిషి, చూసుకోవలసిన ఆ ఒక్కటీ చూసుకోలేదు.

గదిలో ఫోను మోగింది. మేస్త్రి ఎత్తి, విని, పెట్టేశాడు. పెట్టె కింద సెక్యూరిటీ వాళ్ళ దగ్గరుందట, వచ్చి తాళం తీసి చూపించమన్నారట. ఎదురు గదిలోంచి వదినగారు చెప్పులు తొడుక్కుని వచ్చేసింది. "పెట్టె పారేసుకోవడమే కాదు, తెచ్చుకోవడం కూడా మీ ఇద్దరికీ చేతకాదు. పదండి."

కింది అంతస్తులో తెల్లటి ఇనపగోడల గది. గోడ పొడుగునా అరలు. అరల్లో, గదుల్లోకి తేకూడదని పట్టుకున్న రకరకాల సీసాలు మెడకి చీటీలు కట్టించుకుని, వాటి మధ్య నిప్పు భయంతో ఆపేసిన రెండు ఇస్త్రీపెట్టెలు. ముందు ఏడెనిమిది మంది వరసగా నిలబడ్డారు, ఇంటిపని చెయ్యకుండా వచ్చిన పిల్లల్లా. అందరికంటే ముందున్నాయన షాంపూ సీసాలో మందు పోసి తెచ్చాడు. సీసా సరిగ్గా కడగలేదేమో, ఆఫీసరు ఊపి చూపిస్తే పైకంతా నురగ. వదినగారు పెదవి విరిచింది. "ఈ వయసొచ్చినా కాపీ కొట్టడం రాలేదు వీడికి."

నిదానమ్మకి నవ్వు రాలేదు. వచ్చే దారిలో మందు అమ్మే చోట్లు నాలుగు చూసింది, అద్దాల వెనక దీపాలు పెట్టి మరీ. లోపల సముద్రమంత పెట్టుకుని, బయటి నుంచి వచ్చే గ్లాసుడును పట్టుకోవడమేమిటో ఆమెకు బోధపడలేదు. నా సీసా కనిపించకుండా చెయ్యి స్వామీ అని మొక్కుకోబోయి ఆగింది. దొంగతనానికి ఆయన్ని తోడు పిలవడం బాగుండదనిపించింది.

వాళ్ళ వంతు వచ్చింది. ఆఫీసరు వయసు మళ్ళినవాడు. ముక్కు మీంచి జారిపోతున్న కళ్ళజోడును మాటమాటకీ పైకి తోసుకుంటున్నాడు. పెట్టె తీయించి, చీర మడతలు చెదరకుండా పక్కకి జరిపి, దుప్పటిలోంచి సాక్సు లాగాడు. సాక్సులోంచి సీసా లాగాడు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి, పెట్టెకి కట్టిన చీటీ మీది పేరు చదివాడు. మేస్త్రి పేరు.

వదినగారు గొంతు పెంచలేదు. బడిలో కూడా ఆవిడ గొంతు పెంచకపోతేనే పిల్లలు భయపడేవారట. "తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటార్రా అని, నిన్ను అందరి దగ్గరా వెనకేసుకొచ్చాను తమ్ముడూ. పాలు కాదన్నమాట."

మేస్త్రి సాక్సు వైపు చూశాడు. తర్వాత నిదానమ్మ వైపు చూశాడు, కన్ను మూసి తెరిచినంతసేపు.

"నాదే అక్కయ్యా" అన్నాడు.

వదినగారు వెళ్ళిపోవడానికి వెనక్కి తిరిగింది. నోరు మెదపకపోతే చాలు, నిదానమ్మ గుట్టు తన దగ్గరే ఉంటుంది. ఆయన అలవాటుపడ్డ మనిషే, తిట్లు పడడం కొత్త కాదు. కానీ రెండేళ్ళ మూడు నెలలు ఆ మనిషి ఒక్కొక్క రోజే పేర్చుకున్న గోడ, తను కొన్న సీసా తగిలి కూలిపోతోంది. పదకొండేళ్ళకి తెరుచుకున్న తలుపు, మూడడుగుల దూరంలో మూసుకుపోతోంది.

"వదినగారూ, ఆ సీసా నాది."

"మొగుణ్ణి వెనకేసుకు రావడానికైనా హద్దుండాలమ్మా."

"వెనకేసుకు రావడం కాదు. కొన్నది నేను, మోస్తున్నది నేను. ఆయనకి తెలీదు."

వరసలో వెనకవాళ్ళు మెడలు చాచారు. నిదానమ్మ చెప్పేసింది. పనిబల్ల దగ్గర పడిపోవడం, డాక్టరమ్మ తిట్టడం, తలమీది చెంగు, కొట్టువాడు, అన్నీ. చెబుతుంటే తనకే వింతగా వినిపించింది. మందు మానిన మనిషి ఇంట్లో మందు దాచింది మానని మనిషి కాదు, అసలు తాగని మనిషి.

ఆఫీసరు సీసా వెలుతురుకి ఎత్తి చూశాడు. "ముద్ర ఊడలేదండి. తారీకు చూస్తే రెండేళ్ళ పైమాటే. తాగేవాళ్ళ దగ్గర ఇది రెండేళ్ళు కాదు, రెండు గంటలుండదు. ఈ ఉద్యోగంలో తెల్లబడ్డ తల నాది, నా మాట నమ్మండి" అని, సీసాని వదినగారికి అందించాడు. ఆవిడ పరీక్ష పేపరు దిద్దినట్టు మూత చుట్టూ తిప్పి తిప్పి చూసింది. ఇంక తలుపు వైపు వెళ్ళలేదు.

మందు ఇక్కడే ఉంటుందని, దిగే ముందు సాయంత్రం వచ్చి తీసుకోవచ్చని ఆఫీసరు చెప్పి రసీదు రాయడం మొదలుపెట్టాడు. రాస్తుంటే కళ్ళజోడు మళ్ళీ జారింది. మేస్త్రి ఇంక ఉండబట్టలేకపోయాడు. తాళాల గుత్తికి వేలాడే వేలెడంత స్క్రూడ్రైవరు తీసి, ఒక్క నిమిషం ఇటివ్వండి సార్ అన్నాడు. ప్రయాణంలో పనిముట్టు పట్టనని భార్యకి మాటిచ్చిన మనిషి. కళ్ళజోడు కాలు విప్పి, నువ్వుగింజంత స్క్రూని వేలికొసన నిలబెట్టి, దాని చోట్లో దించి బిగించాడు. నిదానమ్మ కళ్ళజోడును చూడలేదు. ఆ వేళ్ళనే చూసింది. స్క్రూ కదల్లేదు. రెండేళ్ళుగా సంచి తడిమి చూసుకుంది గాని, ఆ చేతుల్ని ఇలా ఎప్పుడు చూసింది?

ఓడ బయల్దేరాక పైకి వెళ్ళారు. వదినగారు ఓడ అంచు కమ్మీ పట్టుకుని నీళ్ళకేసి చూసింది. తమ్ముడికి కాదు, నిదానమ్మకి చెప్పింది. "నేనైతే ఆ కొట్టు మెట్లెక్కలేకపోయేదాన్నమ్మా. వీడు పడ్డప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. నువ్వు సీసా మోశావు. ఏది తప్పో తర్వాత ఆలోచిద్దాం." తలనొప్పి మాత్ర కోసం ఆమె సంచిలో చెయ్యి పెట్టబోయి, ఆగి, ఇస్తావా అని అడిగింది.

ఆవిడ మాత్ర వేసుకుని పడుకోవడానికి వెళ్ళాక నిదానమ్మ భర్తను అడిగింది. "మీది కాదని తెలిసీ నాదే అని ఎందుకన్నారు?"

"సాక్సు నాదే కదే."

"వేళాకోళం వద్దండీ."

అప్పుడు చెప్పాడు మేస్త్రి. చలికాలంలో నొప్పుల మందు కోసం ఆమె సంచి తీస్తే జతగాడు దొరికాడట. బరువుగా ఉన్నాడేమిటా అని చూశాడట. ఇంట్లో ఎవరూ లేరు. సంచి పక్కన నేల మీద కూర్చుండిపోయాడట, పొయ్యి మీద నీళ్ళు కాగి కాగి గిన్నె అడుగంటేదాకా.

"తర్వాత ఎక్కడిదక్కడ పెట్టేశాను."

"నాతో చెప్పొచ్చు కదా."

"చెబితే ఇంకో చోట దాస్తావు. సంచిలోనైతే ఉందని నాకు తెలుసు. తెలిసీ ముట్టలేదని కూడా తెలుసు. నువ్వు దీపం దగ్గర కూర్చున్నప్పుడు నేనూ ఆ లెక్కే చూసుకునేవాణ్ణి."

తను కాపలా కాస్తున్నాననుకుంది నిదానమ్మ. దాహంతో ఉన్న మనిషి పక్కన కుండ పెట్టి వెళ్ళింది. ఆయన్ని నిలబెట్టింది డాక్టరమ్మా, దేవుడా, లేక ఆయనేనా? దేవుడైతే, తన తెలివితక్కువతనాన్ని కూడా పనిలో పెట్టుకున్నాడా? గాలి హాయిగా ఉంది. ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

ఐదో రోజు సాయంత్రం తెల్లగది ముందు మళ్ళీ వరస కట్టారు. ఈసారి అందరి ముఖాలూ కళకళలాడుతున్నాయి. షాంపూ సీసా ఆయన కూడా వచ్చాడు. నిదానమ్మ రసీదు ఇచ్చింది. ఆఫీసరు బిగువైన కళ్ళజోడులోంచి చూసి, సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది పారబోసేయండి బాబూ. దాంతోపాటు ఒక సాక్సు ఉండాలి, అదిప్పించండి."

సాక్సు రసీదులో రాయలేదు. పాపం ఆయన అరలన్నీ వెతికి, ఒక ఇస్త్రీపెట్టె కింద నలిగి ఉన్నదాన్ని తెచ్చిచ్చాడు. సీసా వద్దన్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆమె అది రెండుసార్లు చదివి పెట్టింది. భయం మొత్తం పోయిందని కాదు. మెట్లెక్కుతుంటే చెయ్యి అలవాటుగా సంచి తడిమింది. మెత్తగా ఉన్ని తగిలింది.

"పోన్లే, ఇన్నాళ్ళకి జత కలిసింది" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడ కలుస్తుంది? రెండోదాంతో ఎప్పుడో కిటికీలు తుడిచేశాను."

"మరి ఇదెందుకు అడిగావే?"

"మనది కదండీ. వదిలేసి రమ్మంటారా?"

ముందు నడుస్తున్న వదినగారు వెనక్కి తిరిగి, ఏమిట్రా ఆ నవ్వు అంది. చెప్పేసరికి ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేక మెట్ల మీదే కూర్చుండిపోయింది.